ఖద్దరు అతుకు

"తుప్పున్నాది బాబూ," అన్నాడు పాత లారీ ముందు నిలబడ్డ ముసలాయన.

అరుగు మీద కూర్చున్న దాలమ్మకు చెవులు కాస్త మందం. ఆమెకు "తప్పున్నాది" అని వినిపించింది.

ఎవరో సోది చెప్పేవాడు ఇంటి మీద దోషం పలుకుతున్నాడనుకుంది. చేటలో బియ్యం తెచ్చి, ఏ దేవుడికి తప్పామో చెప్పమని దండం పెట్టింది.

కొడుకు ధనరాజ్ నవ్వలేక చచ్చాడు. తప్పు కాదమ్మా తుప్పు, దేవుడిది కాదు నాన్న లారీది అని ఆమె చెవిలో అరిచాడు.

ముసలాయన నవ్వలేదు. బియ్యం వద్దన్నాడు. లారీలో డ్రైవరు పక్క సీటు కింది నేలనే చూస్తూ నిలబడ్డాడు.

కోటబొమ్మాళిలో ధనరాజ్‌ది కిరాణా కొట్టు. పప్పుల్లో పుట్టి పప్పుల్లో పెరిగినవాడు, తుప్పులో దిగాడు.

తండ్రి జగన్నాధం పోయాక ఆయన నడిపిన, ఇంజను ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు లారీ ఇంటి ముందు ఇటుకల మీద కూర్చుని, ఏళ్ల తరబడి వానకు తడిసింది. ఇంజనూ బ్రేకులూ మేస్త్రీ బాగుచేసి వెళ్లాడు. బాడీ పని మాత్రం ధనరాజ్ తానే చేస్తానన్నాడు. ఫోనులో వీడియోలు చూసి, కందిపప్పు తూచిన చేత్తోనే సొట్టలు పూడ్చే లప్పం కలిపాడు. తుప్పు మీద ఉప్పుకాగితం రుద్దితే అంతా ఒప్పే అన్నాడు.

మాఘమాసం ఆదివారం నాడు తల్లిని అరసవల్లి తీసుకెళ్లాలని అతని కోరిక. అదీ నాన్న నడుపుతుంటే ఆమె కూర్చునే ఆ సీట్లోనే.

ఆ సీటు కింద రేకు జల్లెడైపోయింది. ధనరాజ్‌కు వెల్డింగ్ రాదు. వీడియోలో చూపించిన ఫైబర్ గుడ్డ ఊళ్లో దొరకలేదు.

అప్పుడు బీరువాలో తండ్రి పొందూరు పంచె కనిపించింది. పొందూరు ఖద్దరును మించిన గుడ్డ లోకంలో లేదని ఈ చుట్టుపక్కల ఎవరిని లేపి అడిగినా చెబుతారు. పంచెను మడతలు వేసి, రెసిన్ జిగురులో ముంచి, చిల్లుల మీద పరిచాడు. పైన లప్పం, ఆ పైన ఎర్ర రంగు. ఇంత తెలివి ఇంకెవరికీ తట్టి ఉండదనుకున్నాడు.

పైకి ఎర్రచొక్కా, లోపల ఖద్దరు, అచ్చం పార్టీ మారిన నాయకుడిలా ఉందని టీ కొట్టు పోతురాజు మెచ్చుకున్నాడు.

ముసలాయన మొదట వచ్చింది ఆ రంగు ఆరిన రోజే. మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. పోతురాజు బెంచీ మీద కూర్చుని లారీనే చూసేవాడు. చేతిలో టీ చల్లారిపోయేది.

పాత లారీలను తుక్కుకు బేరమాడే బ్రోకరని ధనరాజ్ అనుమానం. ఏదో గ్యారేజీ మేస్త్రీ అని పోతురాజు నమ్మకం. దాలమ్మకు మాత్రం సోదివాడే. ధనరాజ్ భార్య సుహాసిని ఎందుకైనా మంచిదని లారీకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది.

ఒకరోజు ఆయన తలుపు తీసి, ఆ ఎర్ర నేలను బొటనవేలితో నొక్కాడు.

నేల లోపలికి దిగింది. ఊపిరి పీల్చుకున్నట్టు మెల్లగా పైకి లేచింది.

"ఈ సీట్లో ఎవులు కూకుంటారు?"

"మా అమ్మ."

ఆయన చప్పున వేలు వెనక్కి తీసుకున్నాడు. "ఇక్కడ కూకోబెట్టకు బాబూ. ఎనకాల కూకోబెట్టు."

మంచి పని ముందు అశుభం పలికాడని ధనరాజ్ ఆయన్ని చొక్కా పట్టి వీధిలోకి తోశాడు. ఆ చోట ఇంకో పొర లప్పం పూశాడు.

ఆదివారం పొద్దున టైర్ల కింద నిమ్మకాయలు నలిగాయి. గుమ్మడికాయ పగిలింది. దాలమ్మ కొత్త చీరతో సీటెక్కింది. సుహాసినీ పోతురాజూ వెనక ఆటోలో బయల్దేరారు. వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూస్తోంది.

మలుపులో ముసలాయన లారీకి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

ధనరాజ్ ఎంత తిట్టినా కదల్లేదు. దాలమ్మ వైపు వచ్చి, "నీ కాళ్లట్టుకుంటాను తల్లీ, దిగిపో," అన్నాడు.

ఆమె ఆయన కళ్లలోకి చూసింది. చెవికి ఏం వినిపించిందో గాని, దిగి ఆటోలోకి వెళ్లిపోయింది.

ధనరాజ్‌కు తల కొట్టేసినట్టయింది. పూజ చేసి కదిపిన బండిని వెనక్కి తిప్పకూడదు. తొలి ప్రయాణంలో పక్క సీటు ఖాళీగా పోకూడదు. వాళ్లింట్లో తండ్రి నాటి నుంచీ అది పట్టింపు.

"అమ్మని దింపేసినావు కదా. నువ్వే కూకో మరి," అన్నాడు వెటకారంగా.

"కూకుంటాను. మెల్లగా నడుపు బాబూ."

ఆ మాట కోసమే కాచుకున్నట్టు ఆయన ఎక్కాడు.

హైవే ఎక్కాక ధనరాజ్ మాటలతో పొడుస్తూనే ఉన్నాడు. నేల ఉందా, ఊడిందా అని అడిగాడు. ముసలాయన చేతులు ఒళ్లో పెట్టుకుని రోడ్డు వైపే చూశాడు.

వంతెన దిగేచోట లారీ ఒక్కసారి ఎగిరిపడింది.

గుడ్డ చిరిగిన చప్పుడు.

ధనరాజ్ తిరిగి చూసేసరికి పక్కన సీటు లేదు. సీట్లో మనిషి లేడు. ఆ చోట రోడ్డు పరిగెడుతోంది.

సాయంత్రం శ్రీకాకుళం ఆసుపత్రికి ఆయన కూతురు అనూరాధ వచ్చింది. పోయినాయన పేరు రంగనాథమని, కోటబొమ్మాళిలో కూతురింటికి చుట్టపుచూపుగా వచ్చాడని అప్పుడు తెలిసింది.

ధనరాజ్ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. దాలమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, జరగబోయేది ముందే తెలిసిన మనిషని ఏడ్చింది. పోతురాజు మాత్రం తన నమ్మకం వదల్లేక అడిగాడు.

"ఏ గ్యారేజీలో మేస్త్రీ తల్లీ, మీ నాన్న?"

అనూరాధ అందరి వైపూ చూసింది.

"సోదీ తెలీదు, మేస్త్రీ పనీ తెలీదు. మాది పొందూరులో బట్టల కొట్టు. మా లారీకి తుప్పు చిల్లులు పడితే, కొట్టులో ఖద్దరే తీసి అంటించి రంగేసినాడు. ఆ సీట్లో మా అమ్మని కూకోబెట్టుకుని చుట్టాల పెళ్లికి బయల్దేరినాడు. తిరిగొచ్చినప్పుడు నాన్న ఒక్కడే ఉన్నాడు."