ఎగిరే సీను

“ఉక్కురెక్క డాబా మీంచి దూకడు. మెట్లు దిగి వస్తాడు,” అన్నాడు ప్రొడక్షన్ మేనేజరు.

సెట్లో ఉన్నవాళ్ళంతా చేతిలో పని ఆపి అతనివైపు చూశారు.

“ఎగిరే హీరో మెట్లు దిగి రావడమేంటి సార్?” అన్నాడు దర్శకుడు. “పుస్తకంలో మొదటి పేజీలోనే ఎగురుతాడు.”

“పుస్తకంలో ఎగరడానికి సిరా చాలు. ఇక్కడ తాళ్ళు కావాలి, పరుపులు కావాలి, పట్టుకునే మనుషులు కావాలి. మనకవేవీ లేవు.”

అందుకే అందరూ చాటుగా అతన్ని ‘కత్తెర’ అనేవాళ్ళు. పిల్లల బొమ్మల కథ ‘ఉక్కురెక్క’ని సినిమాగా తీయడం మొదలైనప్పటినుంచీ అతను కోయనిది లేదు. రేకు రెక్కలు అడిగితే అట్టముక్కలకి వెండిరంగు వేయించి ఇచ్చాడు. కూలిపోవాల్సిన వంతెనని గోడ చేశాడు. ఆ గోడని కూడా చివరికి కర్టెన్ చేశాడు. రాక్షసుల దండు తగ్గీ తగ్గీ ఇద్దరి దగ్గర ఆగింది. అందులో ఒకడు సెట్లో టీ అందించే మనిషి.

అయినా ఆ జనం ఊరుకుంటేగా. దుస్తులు కుట్టే ఆవిడ ఆ అట్టరెక్కల్ని ఇంటికి మోసుకెళ్ళి, ఈక ఈకా విడిగా కత్తిరించి అతికించి తెచ్చింది. దర్శకుడు భోజనం కూడా మానేసి, ఉన్న కర్టెన్‌తోనే వంతెన ఎలా కూల్చాలా అని తల బద్దలు కొట్టుకునేవాడు. వాళ్ళని చూస్తే మేనేజరుకి ఒళ్ళు మండిపోయేది.

“ఎందుకమ్మా ఇంత కష్టం? ఈ ఈకల్ని ఎవరు చూడొచ్చారు?” అని ఓసారి ఆవిడమీద విసుక్కున్నాడు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ తర్వాత అతనితో మాటలు మానేసింది.

వీళ్ళందరూ ఒక ఎత్తు, హీరో ఒక ఎత్తు. హీరో అతని సొంత బామ్మర్ది.

అతనేం సిఫారసు చేయలేదు. చిన్నప్పటినుంచీ ఉక్కురెక్క పుస్తకాలు తలకింద పెట్టుకుని పడుకున్న మనిషి, బావకి మాటమాత్రమైనా చెప్పకుండా ఆడిషన్‌కి వెళ్ళి వేషం కొట్టుకొచ్చాడు. ఇంటిల్లిపాదీ సంబరపడుతుంటే మేనేజరు ఒక్కడే మొహం గంటు పెట్టుకున్నాడు. “ఉద్యోగం మాత్రం వదలకురా. సెలవు పెట్టి చెయ్యి,” అని నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. వాడు మర్నాడే రాజీనామా చేసి వచ్చాడు.

పుస్తకాలు వేసే కంపెనీ కూడా ఊరుకోలేదు. సినిమా వస్తోంది కదా అని ఒక సంచికలో ఉక్కురెక్కని చంపేసింది. దాన్ని నల్లకవర్లో పెట్టి, విప్పితే విలువ పోతుందని చెప్పి మరీ అమ్మింది. మరుసటి నెలలోనే బతికించింది. ఈసారి అట్టలు నాలుగు రకాలు, లోపల కథ ఒకటే. ఒక అట్టమీద వెండిరెక్కలతో బామ్మర్ది ఫోటో. వాడు నాలుగూ కొన్నాడు. ఫోటో ఉన్నదాన్ని మళ్ళీ కట్టలుగా కొని చుట్టాలందరికీ పంచాడు.

“అంత తొందరపడి పంచిపెట్టకురా,” అన్నాడు మేనేజరు.

“నీకు ప్రతిదీ దండగే బావా.”

భార్య అందుకుంది. “వాడు పైకి రావడం మీకు కిట్టడం లేదు. బావ మేనేజరైతే నాలుగు మంచి సీన్లు పడతాయనుకుంటారు ఎవరైనా. మీరు ఉన్నవాటినే కోస్తున్నారు.”

అతను తలెత్తకుండా తినేసి చెయ్యి కడుక్కున్నాడు.

షూటింగ్ చివరిరోజు అతను వెళ్ళేసరికి అందరూ మెడలు నిక్కించి పైకి చూస్తున్నారు. డాబా పిట్టగోడమీద బామ్మర్ది నిలబడి ఉన్నాడు. వీపున రెక్కలు, నడుముకి బట్టలారేసుకునే తాడు. కింద ఎవరిళ్ళనుంచో మోసుకొచ్చిన పాత పరుపులు. కెమెరా సిద్ధంగా ఉంది.

మేనేజరు రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరిగెత్తాడు.

“దిగరా.”

“ఒక్క టేకు బావా. ఈ సీనుకి హాలంతా ఈలలు వేస్తుంది.”

“కాలు విరిగితే?”

“విరగనీ. ఎందుకు విరిగిందో తెరమీద కనబడుతుందిగా.”

మేనేజరు ఒక్క అంగలో వాణ్ణి చేరాడు. రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు. బామ్మర్ది డాబామీద వెల్లకిలా పడ్డాడు. రెక్క చిరిగి మేనేజరు చేతిలోకి వచ్చింది. ఊడిపోయిన ఈకలు గాలికి కిందికి రాలాయి. దుస్తులు కుట్టే ఆవిడ వాటిని ఒక్కొక్కటే ఏరుకుంది.

బామ్మర్ది లేచి దుమ్ము దులుపుకున్నాడు.

“నేను గాల్లోకి లేవడం నీకిష్టం లేదు. అంతేగా బావా.”

ఆ సాయంత్రం ఉక్కురెక్క ఒంటిరెక్కతో మెట్లు దిగి వచ్చాడు. దర్శకుడు నీరసంగా ‘ఓకే’ అన్నాడు. సినిమా పూర్తయిపోయింది. మేనేజరుకి ఎవరూ వెళ్ళొస్తామని కూడా చెప్పలేదు. ఇంట్లో భార్య పక్కగదిలో పడుకుంది.

మర్నాడు నిర్మాత అతన్ని తన గదికి పిలిచి కుర్చీ చూపించాడు. మనిషి మహా హుషారుగా ఉన్నాడు.

“ఆ దూకుడు ఆపావట. మంచిపని చేశావయ్యా.”

మేనేజరు కూర్చోలేదు. కాసేపు చేతులు నలుపుకున్నాడు.

“సార్, ఎప్పుడూ ఏమీ అడగలేదు. మా బామ్మర్దికి ఇంట్లో చూసుకోవడానికి ఒక్క కాపీ ఇప్పించండి.”

నిర్మాత నవ్వు ఆపాడు.

“గడువులోగా ఏదో ఒకటి తీసేస్తే ఉక్కురెక్క హక్కులు మన చేయి దాటిపోవని తీశాంగానీ, దీన్ని ఏ హాల్లోనూ వేసేది లేదని, ఎవరి కంటా పడనిచ్చేది లేదని మొదటిరోజే నోరు విప్పనని మాట తీసుకుని మరీ నీకొక్కడికే చెప్పాను కదయ్యా.”