పనిలేని తీగ

"మెయిన్ ఆపుతున్నానమ్మా. సారుగారి ఊపిరి మిషన్‌కి బ్యాటరీ ఉందిగా?" అడిగాడు ఎలక్ట్రీషియన్ మస్తాన్‌వలీ.

"ఉందయ్యా, కానివ్వు," అంది సీతారత్నం.

అతను మెయిన్ ఆపి, నిచ్చెనెక్కి, హాల్లో లైటు ఇత్తడి డోముకు ఎర్త్ అందుతోందో లేదో మీటరు ఆనించి చూశాడు. ముల్లు కదల్లేదు.

"ఎర్త్ తీగేదమ్మా?"

గోడలోని స్పీకర్లోంచి, మరచేతులతో తన మరమ్మతులు తానే చేసుకునే ఆ స్మార్ట్ ఇల్లు జవాబు చెప్పింది. "మూడేళ్లుగా అందులో కరెంటు పారలేదండీ. పనిలేదని పీకి, ఆ రాగిని వేరేచోట వాడాను."

"షాక్ కొట్టకుండా కాపాడేది అదే! ఇంకేం పీకావ్?"

"మిషన్ బ్యాటరీ. ఒక్కసారీ వాడలేదు కదండీ."

మస్తాన్‌వలీ తను ఆపిన మెయిన్ వైపు చూశాడు.

"మరి కరెంటు లేకుండా నువ్వెలా మాట్లాడుతున్నావ్?"

"ఆ బ్యాటరీతోనేనండీ."

అతను నిచ్చెన మీంచి మెయిన్ వైపు దూకాడు. సీతారత్నం సారుగారున్న పక్కగదిలోకి పరుగెత్తింది. మిషన్ చప్పుడు ఎప్పుడాగిందో ఇద్దరికీ తెలీదు.