రెండో వారం

విన్నిఫ్రెడ్ డూలన్ నల్లకోడిని చంకలో బిగించి పట్టుకొని, రెండో చేతిలోని ఎర్రటి ఈకలను కంచె మీదుగా పక్కింటి లెస్ ముఖం ముందు ఆడించింది.

"చూశావా లెస్? ఇవన్నీ దీని కాళ్ల దగ్గరే దొరికాయి."

"కోళ్ల దొడ్లో ఈకలు కాక ముత్యాలు దొరుకుతాయా విన్నీ?"

"నవ్వకు. నిన్న మరియ మెడ బోడి అయింది. ఇవాళ మార్త మెడ. వాటిని దొడ్లోకి వదిలి ఇంకా ఐదు రోజులు కాలేదు."

మార్త, మరియ ఎర్రకోళ్లు. గుడ్ల ఫ్యాక్టరీ ఇనుపబోనులో ఏడాదిన్నర గడిపి, ఇక పనికిరావని తీసివేయగా ఆమె ఇంటికి చేరాయి. ఆస్ట్రేలియాలో, విక్టోరియా రాష్ట్రంలోని ఆ చిన్న ఊళ్లో అందరూ చేసినట్టే ఆమె కూడా వాటిని రెండు వారాలు వలకు అవతల ఉంచి, పాత కోళ్లకు చూపు అలవాటయ్యాకే కలిపింది. పద్ధతిలో ఎక్కడా లోపం లేదు. లోపం చంకలోని డచెస్‌దే అని ఆమె నిశ్చయం. పాతవి ఆరింటికీ ఆ నల్లకోడే పెద్ద. అది మేతలో ముక్కు పెట్టనిదే మిగతావి గిన్నె దగ్గరికి రావు. అంతకుముందు రోజు అది మార్తను గిన్నె దగ్గర రెండు పోట్లు పొడవడం విన్నిఫ్రెడ్ కళ్లారా చూసింది.

"పెద్దరికం ఉన్నవాళ్లకి బాధ్యత ఉండాలి. దిక్కులేని వాటి మీద ముక్కు చేసుకోవడమా?"

"మన బౌల్స్ ఆట క్లబ్బులో కొత్తవాళ్లకి మొదటిరోజే బెంచీ మీద చోటిస్తామేంటి? సర్దుకుంటాయిలే."

"ఇది క్లబ్బు కాదు. నా దొడ్డి. దీన్ని బోనులో పెడుతున్నాను."

లెస్‌కు అది కొత్తగా తోచలేదు. పొడిచే కోడిని మూడు రోజులు విడిగా బంధించడం అక్కడ అందరికీ తెలిసిన శిక్షే. తిరిగి వచ్చేసరికి పెత్తనం ఇంకొకదాని చేతికి పోతుంది. పొగరుబోతు తల వంచుకొని తిరుగుతుంది.

"మూడు రోజులేగా?"

"వారం. మూడు రోజులకి పొగరు అణుగుతుంది, బుద్ధి రాదు."

"జడ్జమ్మగారూ, ముద్దాయి తరఫున ఒక్క మాట చెప్పుకోవచ్చా?"

"చెప్పు."

"అది ముసలిది. నీలాగా, నాలాగా."

"వయసుకి మినహాయింపు లేదు," అని విన్నిఫ్రెడ్ కోడిని కారుషెడ్డులోకి తీసుకొనిపోయింది.

మేతలోనూ నీటిలోనూ ఆమె దానికి లోటు చేయలేదు. అడుగుల చప్పుడు వినగానే డచెస్ ఊచల దగ్గరికి వచ్చి మెడ చాచేది. ఆమె గిన్నె నింపి, మాట్లాడకుండా వెళ్లిపోయేది.

ఏడో రోజు బోను తెరవడానికి ముందు మార్తను పట్టుకొని పరీక్షించింది. మెడ మీద నెత్తుటి చుక్కలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

"ఇంకా మానలేదే," అన్నాడు లెస్ కంచె మీద మోచేతులు ఆనించి.

"మానుతుందా? ఎంత లోతుగా పొడిచిందో చూడు. దెబ్బ మానేదాకా శిక్ష తీరేది లేదు. ఇంకో వారం."

ఈసారి లెస్ వేళాకోళం ఆడలేదు.

"వద్దు విన్నీ. అన్నాళ్లు దూరం పెడితే మిగతావి దాన్ని మరిచిపోతాయి. వాటికి అదే కొత్తకోడి అవుతుంది."

"ఆరేళ్లు ఏలినదాన్ని పద్నాలుగు రోజుల్లో మరిచిపోతాయా?"

"కోళ్లకి క్యాలెండరు తెలీదు. పోనీ, కలిపే ముందు వలకి అవతల పెట్టి రెండు రోజులు చూపించు."

"వల బలహీనులకి లెస్. ముద్దాయిలకి కాదు."

రెండో వారం ఆదివారం ఉదయంతో ముగిసింది. విన్నిఫ్రెడ్ డచెస్‌ను ఎత్తి దొడ్డి మధ్యలో దింపి, "పో. నీ శిక్ష తీరింది," అంది. అది ఒళ్లు దులుపుకొని, ఎప్పటిలాగే నేరుగా మేతగిన్నె వైపు నడిచింది. ఆమె టోపీ పెట్టుకొని చర్చికి వెళ్లిపోయింది.

తిరిగి వచ్చేసరికి లెస్ ఆమె పెరటిమెట్ల మీద కూర్చొని ఉన్నాడు. ఒళ్లో తువ్వాలు చుట్టిన నల్లటి మూట. చొక్కా చేతుల మీద నెత్తురు.

"అరుపు వినపడింది విన్నీ. కంచె దూకే వయసా నాది? చుట్టూ తిరిగి వచ్చేసరికి అయిపోయింది."

"ఏది చేసింది?"

"ఏదని చెప్పను? అన్నీ. అది పొదిగి లేపినవి కూడా."

ఆమె టోపీ తీయకుండానే అతని పక్కన కూర్చొని మూటను తన ఒళ్లోకి తీసుకుంది. తువ్వాలు ఇంకా వెచ్చగానే ఉంది.

"మొదటి వారంతో వదిలేయవలసింది. నువ్వు చెప్పావు."

"చెప్పాను. గట్టిగా చెప్పలేదు."

"శిక్ష ఎక్కువైంది లెస్. దాన్ని ఆ దేవుడి ముందైనా ఒప్పుకుంటాను. కాని తప్పు..." ఆమె తువ్వాలు అంచును మూట మీదికి లాగింది. "తప్పు మాత్రం అది చేసిందే."

లెస్ వేలెత్తి నీళ్లతొట్టి వైపు చూపించాడు.

అక్కడ ఎండలో మరియ మెడ వంచి కదలకుండా నిలబడి ఉంది. మార్త ఆ మెడ నుంచి ఒక్కొక్క ఈకనే పీకి తీరిగ్గా మింగింది, ఆ తరువాత, బోనులో ఏడాదిన్నరగా అలవాటైనట్టే, తన వంతుకు తానూ మెడ వంచింది.