కోటగడ్డ మీద బావి

మంగళవారం పొద్దున ఏడు గంటలకు, కోటగడ్డ కింద రామవ్వ తవ్వించుకున్న పాయిఖానా గుంతను పురావస్తు అధికారి భానుప్రసాద్ పూడ్పించాడు. చివరి తట్ట మన్ను పడేదాకా ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఆ గుంతను ఇంకా ఎవరూ వాడలేదు.

"సారూ, కోడలికి నెలలు నిండినయి," అంది రామవ్వ. "చెర్వు కట్ట దాకా నడువలేకపోతంది. నిన్న తుమ్మల కాడ పడ్డది."

"కోట హద్దుల తవ్వొద్దని చెప్పినం గదా."

"మీరు తవ్వుతలేరా?"

"మాది తవ్వకం. నీది పాయిఖానా. రెండూ ఒక్కటేనా అవ్వా?"

కూలీలు నవ్వారు. భానుప్రసాద్ నవ్వలేదు. కరీంనగర్ నుంచి జీపులో వస్తుంటే గడ్డ వాలు మీద ఎవరో ఒకరు చెంబుతో కనబడేవారు. ఆ పూట ఆయనకు టిఫిన్ సహించేది కాదు. రాజులు ఏలిన చోట వీళ్లు చేసే పని ఇదీ అని భార్యకు ఫోన్లో చెప్పుకునేవాడు. చివరికి వాలు చుట్టూ ముళ్లకంప వేయించాడు.

శుక్రవారం కోటగోడ లోపల, మేడ పునాదుల పక్కన, ఒకదాని మీద ఒకటి పేర్చిన కాల్చిన మట్టి రింగులు బయటపడ్డాయి. అడుగున నల్లటి, మెత్తటి మన్ను. భానుప్రసాద్ కొంత మన్ను పరీక్షకు హైదరాబాద్ పంపాడు. ఫలితం రాకముందే, రాజుగారు నీళ్లు తాగిన బావి దొరికిందని విలేకరులకు చెప్పాడు.

మరుసటి వారం ఎమ్మెల్యే వచ్చాడు. కొబ్బరికాయ కొట్టారు. భానుప్రసాద్ చెప్పులు విడిచి, అడుగు మన్ను చిటికెడు తీసి నుదుట పెట్టుకున్నాడు. కెమెరాల వాళ్లు ఇంకోసారి అన్నారు. ఈసారి కాస్త నాలుక మీద కూడా వేసుకున్నాడు. ఎమ్మెల్యే కూడా వేసుకున్నాడు. ఊరివాళ్లు వరుస కట్టి, దేవుని అర్రలో పెట్టుకోవడానికి కొంగుల్లో మూటగట్టుకున్నారు.

రామవ్వ మన్ను అడగలేదు. గుంత సంగతే మళ్లీ అడిగింది.

"గీ మన్ను ఎంత పవిత్రమో చూసినవ్ గదా అవ్వా," అన్నాడు భానుప్రసాద్. "దీని మీద నీకు పాయిఖానా కావాల్నా? థూ."

రామవ్వ, కోడలు ప్రవళిక రెక్క పట్టుకుని చెరువు వైపు నడిపించుకుపోయింది.

సాయంత్రం హైదరాబాద్ ల్యాబ్ నుంచి నర్మద ఫోన్ చేసింది. మన్నును రెండుసార్లు పరీక్షించామని, ఇక అనుమానం లేదని చెప్పింది.

"అది బావి కాదు సార్, పాయిఖానా."