పెద్ద ఈరన్న పసరు

ఓర్వకల్లులో బస్సు దిగి బండల నడుమ కాలిదోవ పట్టేసరికి తూర్పు ఇంకా తెల్లబడుతోంది.

ఆదివారం, పరగడుపున, పొద్దు పొడవకముందే తాగాలి. పెద్ద ఈరన్న పసరుకు అదీ కట్టుబాటు. అందుకే హులిగెమ్మ తన మొగుడు రంగన్నను ముందురోజే ఊరు కదిలించి, కర్నూలు బస్టాండులో పడుకోబెట్టి, తొలి బస్సు ఎక్కించింది.

రంగన్న పుట్టి బుద్ధెరిగి కల్లు ముట్టినవాడు కాదు. అయినా కర్నూలులో డాక్టరు కాగితాలు చూసి, కార్జం, అదే లివరు, గట్టిపడుతోందన్నాడు. నెత్తురులో చేరిన రోగమట. ఇక పోదట. బతికినన్నాళ్లూ బిళ్ళలు మింగాలట. మింగితే శానా ఏండ్లు బతుకుతావని కూడా అన్నాడు.

ఆ చివరి మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. పోని రోగమన్నది మాత్రం ఎక్కింది.

"పోని రోగానికి బిళ్ళలెందుకు?" అంది హులిగెమ్మ.

ఊరంతా ఆమెదే న్యాయమంది. కళ్ళు పచ్చబడితే నాలుగు మండలాలవాళ్ళు పరిగెత్తేది పెద్ద ఈరన్న కొట్టానికే.

దోవ చీలే చోట బండమీద ఒక ముసలాయన కూర్చొని ఉన్నాడు. మాసిన పంచె, గీయని గడ్డం. వీళ్ళను చూసి లేచి అడ్డం నిలబడ్డాడు.

"పసరుకా? తిరుక్కోని పోండి. పెద్ద ఈరన్న సచ్చిపోయినాడు."

రంగన్న ఆగిపోయాడు. హులిగెమ్మ ఆగలేదు. కూతవేటు దూరంలో కొట్టం ముందు పాతికమంది వరసగా కూర్చొని ఉన్నారు. వీడు చెప్పేది పచ్చి అబద్ధం.

ముసలాయన అడక్కుండానే రంగన్న కనురెప్ప కిందికి లాగి చూశాడు. వంగి, కాలిమీద బొటనవేలితో నొక్కాడు. పడిన గుంట పూడలేదు.

"ఇయ్యి వచ్చిపోయే కామెర్లు కాదప్పా. బిళ్ళలిచ్చినారా?"

"ఇచ్చినారు."

"అయ్యే మింగు. ఈడ అయ్యి మాన్పిస్తారు. మానితే సస్తావు."

హులిగెమ్మకు అర్థమైపోయింది. ఇట్లాంటివాళ్ళను బస్టాండులో చూసింది. రోగుల్ని ప్రైవేటు ఆస్పత్రులకు తోలి, తలకింతని తీసుకునే బ్రోకర్లు.

"డాక్టరు నీకెన్ని దుడ్లిస్తాడు తాతా?"

ముసలాయన రంగన్న చేయి పట్టుకున్నాడు. గుంజినా వదల్లేదు.

హులిగెమ్మ కాలి చెప్పు తీసి చెంపమీద కొట్టింది.

వరసలోవాళ్ళు నవ్వారు. వారం వారం వీడి పీడ పడలేకపోతున్నామని ఒకామె మెచ్చుకుంది. కొట్టంలో రోలు ముందున్న మనిషి తలెత్తి ఇటు చూశాడు. మళ్ళీ ఆకు నూరుకున్నాడు.

అతనికి నలభై ఏళ్ళుంటాయి. నుదుటి నిండా విభూది. రోలు ముందు కూర్చున్నవాణ్ణి నీ పేరేమని ఎవరడుగుతారు? రంగన్న నోట్లో గిద్దెడు పసరు పోశాడు. మణికట్టు మీద కాలే కడ్డీతో వాత పెట్టాడు. నలభై దినాలు ఉప్పు లేని కూడు తినాలన్నాడు. ఇంగ్లీషు మందు తగిలితే పసరు విషమవుతుందన్నాడు.

హులిగెమ్మ కొంగుముడి విప్పి, బిళ్ళల పొట్లం ముళ్ళకంపలోకి విసిరేసింది.

తిరిగి పోయేటప్పుడు చూస్తే ముసలాయన ఆ కంపలోనే చేయి దూర్చి వెతుకుతున్నాడు. మోచేతిదాకా నెత్తురు. దొరికిన పొట్లం రంగన్న వైపు చాచాడు.

రంగన్న పెళ్ళాం మొహం చూశాడు. ఆమె మొహం తిప్పుకుంది. ఇద్దరూ నడిచిపోయారు.

ఇరవై దినాలకు రంగన్న కడుపు కుండయింది. ఇరవై రెండోనాడు నెత్తురు కక్కుకొని చచ్చాడు. పత్యం తప్పి ఉంటాడని ఊరు తీర్పు చెప్పింది. ఉప్పుకల్లు నాలుకకు తగలనీయకుండా పోయినవాడి మీద కూడా ఊరికి ఒక నింద దొరుకుతుంది.

దినాలు కాగానే హులిగెమ్మ మళ్ళీ వచ్చింది.

బండమీద ఎవరూ లేరు. అడ్డుపడేవాడు లేక వరస బండ దాకా పెరిగింది.

ఆమె వరసను తోసుకుంటూ పోయి రోలు ముందు నిలబడింది.

"పెద్ద ఈరన్నా, నా మొగుణ్ణి యాడ పెట్టినావు?"

ఆ మనిషికి కోపం రాలేదు.

"పెద్ద ఈరన్నంటే మా నాయన, తల్లీ. నేను చిన్నకొడుకును, అయ్యన్నను. మా అన్నకూ ఇదే రోగమొచ్చె. మా నాయన తన చేత్తోనే పసరు పోసి సంపుకున్యాడు. ఆ పొద్దు నుంచి ఈ రోలు ముట్టలే."

"ఆయన యాడుండాడు?"

అయ్యన్న ఆకు నూరడం ఆపలేదు.

"ఆ బండమీదనే కూర్చుంటాండె. నువ్వు చెప్పుతో కొట్టినాక మళ్ళ రాలే."