నీళ్లలో ముందున్నవాడు

“ఓ పుట్టీ! జర ఆగరాదూ!”

అరుస్తూ, ఇసుకలో చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తుకొచ్చి, ఒక్క దూకు దూకాడు ధర్మయ్య. బుట్టలా గుండ్రంగా ఉన్న ఆ పుట్టి పడవ గిర్రున తిరిగింది.

“ఏంది సారూ, గిది బస్సనుకున్నవా? ముంచుతవా అందర్ని?” కసిరాడు పుట్టి నడిపే గుర్వయ్య.

“మునిగితే నేనే తీస్త తియ్యి!”

పుట్టిలో అంచుకు ఆనుకుని ఇంకొకాయన కూర్చున్నాడు. మాసిన గడ్డం, బక్క మనిషి. చెయ్యి నీళ్లలోకి వేలాడేసి కృష్ణనే చూస్తున్నాడు.

గుర్వయ్య ఉన్నట్టుండి తెడ్డు ఆపాడు.

“నువ్వు నారాయణపేట మగ్గాలోళ్ల ధర్మయ్యవు గదా! పట్నంల ఈత కప్పులన్ని నీయేనట!”

“రాష్ట్రంల నేనే ఫస్టు,” అన్నాడు ధర్మయ్య. ఆ మాటలో సంతోషం లేదు.

“మరి కప్పులు ఇడిసిపెట్టి గీ రేవుకెందుకొచ్చినవ్?”

“ఏసోబు కోసం.”

“ఏ ఏసోబు?” అడిగాడు గడ్డపాయన.

“అవతలి గట్టు కూలోళ్ల పిలగాడు. మా అమ్మమ్మ ఊరు గిదే. చిన్నప్పుడు వాడూ నేనూ గీడనే పందెం ఏసుకున్నం. నేను రొప్పుకుంట దరికి చేరేటాళ్లకు వాడు గట్టు మీద కూసోని జొన్నరొట్టె తింటున్నడు!”

గుర్వయ్య పకపకా నవ్వాడు. గడ్డపాయన కూడా నవ్వాడు.

“పిల్లలాట సారూ అది. ఇంక మతికున్నదా?” అన్నాడు గడ్డపాయన.

“మతికుండుడు గాదే! నీళ్లల్ల దిగితే చాలు, వాడు నా ముందట ఈదుతున్నట్టే ఉంటది. పోయినేడు కలకత్తల దేశం మొత్తం పోటీ. అందరికన్న నేనే ముందున్న. ఆఖర్ల తల తిప్పి చూసిన, వాడు యాడున్నడో అని. అంతే! బొంబాయి పిలగాడు గోడ ముట్టిండు.”

“అయ్యయ్యో!” అన్నాడు గుర్వయ్య.

“వచ్చే నెల మళ్ల పోటీ. ఈసారి ఓడితే ఇగ మగ్గమెక్కుడే, మా బాపు చెప్పేసిండు. అందుకే ఒక్కసారి వాడితోని ఈదాలె. గెలుస్తనో ఓడుతనో తెలిసిపోవాలె. లేకుంటే మళ్ల తల తిప్పుత. నాకెరుకే.”

గడ్డపాయన నీళ్లలోంచి చెయ్యి తీశాడు.

“వాడు దొరకడు సారూ,” అన్నాడు గడ్డపాయన. “డ్యాం పనికి పోయిండు. పాలమూరు లేబరు సంగతి తెల్వదా? ఒక డ్యాం అయితే ఇంకో డ్యాం.”

ధర్మయ్య మొహం వాడిపోయింది. ఇంత దూరం వచ్చి, ఇంత ఆశపడి వచ్చి...

“కని ఒక మాట చెప్త. కోపం జేయకు. నేనూ వాడూ ఒక్క కాడనే రాళ్లు మోసినం. కల్లు తాగిన్నాడు వాడే చెప్పిండు. గా పందెం వాడు గెల్వలే.”

“ఏందీ?”

“ఆ దినం బర్ల మంద ఏరు దాటుతుండె గదా?”

“అవును... దాటుతుండె!”

“నడిమిట్ల వాడు ఒక బర్రె తోక పట్టుకున్నడు. అది గుంజుకపోయింది. నీ తలకాయ నీళ్లల్లుండె. నీకేం కనవడ్తది?”

ధర్మయ్య నోరు తెరిచాడు. మందను దాటించే కాపరులు బర్రె తోక పట్టుకుని తేలిపోవడం ఈ రేవులో రోజూ జరిగేదే. ఇన్నేళ్లు తనకెందుకు తట్టలేదు!

“ఓరి దొంగోడా! అయితే నేను బర్రెతోని పందెం ఏసిన్ననా?”

“బర్రె గూడ గట్టిదే సారూ,” అన్నాడు గడ్డపాయన.

ధర్మయ్య కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. చొక్కా విప్పి పుట్టిలో పడేసి, నడి ఏట్లో దబ్బున దూకాడు. అవతలి గట్టు దాకా ఒక్కసారి కూడా తల తిప్పకుండా ఈదాడు.

పుట్టి చేరగానే బట్టలు తీసుకుని, రాయచూరు బస్సుకు వేళైందని చెయ్యి ఊపి పరుగెత్తాడు. గడ్డపాయన పుట్టి దిగలేదు. ధర్మయ్య కనిపించినంతసేపూ చూస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాతి నెల పంచాయతీ రేడియోలో ధర్మయ్య పేరు చెప్పారు. దేశం మొత్తానికి మొదటివాడు!

ఊళ్లో సన్మానాలు కాగానే మెడల్ పట్టుకుని రేవుకొచ్చాడు. పుట్టిలో గుర్వయ్య ఒక్కడే ఉన్నాడు.

“గడ్డపాయన ఏడి? గిది ముందుగాల ఆయన చేతుల పెట్టాలె. తల తిప్పలే గుర్వయ్యా! ఒక్కసారి గూడ తిప్పలే!”

“లేడు సారూ. జరమొచ్చింది. దవాఖానకు తీస్కపోయిన. దక్కలే.”

ధర్మయ్య ఇసుకలో కూలబడ్డాడు.

“రేడియోల నీ పేరు ఇన్నడు తియ్యి. ఇంకోసారి చెప్తరేమోనని గాడనే కూసున్నడు.”

“పేరన్నా అడగకపోతిని. కనీసం ఆ మోసగాడు ఏసోబన్నా దొరికితే...”

“వాణ్ని మోసగాడనకు!”

గుర్వయ్య తెడ్డు పడేసి లేచాడు.

“ఆ దినం బర్లను తోలింది నేను. తోక పట్టుకొని దాటింది నేనొక్కన్నే. వాడు ఉత్త చేతులతోని ఈది నిన్ను గెలిచిండు. వాని బతుకుల వాడు గెలిచింది గదొక్కటే.”

“మరి ఆయన అబద్ధం ఎందుకు చెప్పిండు?”

గుర్వయ్య నీళ్ల వైపు తిరిగాడు.

“డ్యాం కాడ నడుం మీద బండ పడి కాళ్లు చచ్చినయి సారూ... ఏరు చూడకుండ ఉండలేనంటే, దినాం నేనే ఎత్తుకొచ్చి పుట్టిల కూసోపెడుతుంటి, మా ఏసోబును.”