ఏడో డిస్కు

ఆరు డిస్కులు గుటుక్కున మింగిన కంప్యూటర్ ఏడోదాని దగ్గర మొరాయించింది.

చదవలేకపోతున్నానని తెరమీద ఒక వరుస చూపించి ఊరుకుంది.

రఘుపతి డిస్కు తీసి ఊదాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే వరుస.

అది తొంభై రెండో సంవత్సరం. అరబ్బు దేశంలో, దార్సైట్‌లోని ఆ కట్టడాల కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ తెలిసినవాడు అతనొక్కడే.

సహం సైట్‌లో పని అయిపోయింది. అక్కడి కూలీల్లో ముప్పై మందిని సీబ్ సైట్‌కి మార్చడానికి కంపెనీ ఒప్పుకుంది. వాళ్ళ బదిలీ ఫారాలు ఒంటిగంటలోపు లేబర్ ఆఫీసుకి చేరకపోతే ముప్పై మందికీ ఇంటిదారే. ఆ ఫారాలు అచ్చువేసేది ఈ కొత్త సాఫ్ట్‌వేర్ ఒక్కటే.

గడియారం పది దాటింది.

రఘుపతి కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాడు. నిన్న డబ్బా విప్పగానే డిస్కులన్నీ దొంతిగా పేర్చి, కుంకుమ పెట్టి, అగరొత్తి వెలిగించాడు. బొట్టు పెట్టనిదే కొత్త వస్తువు ముట్టని ఇల్లు వాళ్ళది. మరి ఎక్కడ లోపం జరిగింది?

గుమ్మం పక్క బెంచీ మీద పొద్దుటి నుంచీ ఒక సైట్ మనిషి సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పేరు లింబాద్రి, జగిత్యాల వైపు ఊరు. తన పేరు జాబితాలో ఉందో లేదో కనుక్కోవడానికి వచ్చి ఉంటాడని రఘుపతి అనుకున్నాడు. అలాంటివాళ్ళు రోజూ వస్తూనే ఉన్నారు.

మేనేజర్ పిలిస్తే లింబాద్రి లోపలికి వెళ్ళాడు. బయటికొచ్చి, జేబులో ఏదో భద్రంగా దోపుకుని, పోకుండా రఘుపతి వెనక నిలబడ్డాడు.

"ఇది ఇసుక జల్లెడ కాదయ్యా నిలబడి చూడ్డానికి. పక్కకి జరుగు."

లింబాద్రి జరగలేదు. "మావోళ్ళ ఫారాలు గిందులనేనా సారూ?"

"ఇందులోనే. ఇది కదిలితేగా!"

"ఒక్కపారి గది ఇటియ్యున్రి."

రఘుపతి విసుగ్గానే ఇచ్చాడు. లింబాద్రి దాన్ని వెలుతురుకు పట్టాడు. పల్చని ఆ నల్ల చదరంలో, లోపలి చక్రం బయటికి కనిపించే సందు దగ్గర, ఎర్రటి పొడి.

అది రఘుపతి పెట్టిన కుంకుమే. దొంతిలో పైనున్నది ఏడోదే.

"బొట్టు పెట్టుడు తప్పు గాదు సారూ," అన్నాడు లింబాద్రి మెల్లగా. "డబ్బాకు పెట్టాలె. లోపలిదానికి గాదు."

తర్వాత బ్లేడు అడిగాడు. పాడైన పాత డిస్కు ఒకటి అడిగాడు. కిటికీ బయట ఏసీ నుంచి కారే చుక్కల కింద గ్లాసు పెట్టాడు. కుళాయి నీళ్ళు ఆరితే మరకలు కడతాయట, ఏసీ నీళ్ళకు ఆ బెడద లేదట.

డిస్కు అంచు కోసి, లోపలి చక్రాన్ని నడిమి కన్నం దగ్గరే పట్టుకుని బయటికి తీశాడు. సిమెంటు తిన్న ఆ మొరటు వేళ్ళు చంటిపిల్లకు నీళ్ళు పోసినట్టు దాన్ని కడిగాయి. నీడన ఆరబెట్టి, పాత డిస్కు పైతొడుగును చొక్కాలా తొడిగాడు.

ఎక్కడ నేర్చావని రఘుపతి అడిగాడు.

"సహంల స్టోర్ కంప్యూటర్ దుమ్ము తింటుండె. స్టోరాయన డిస్కులు కడుగుతుంటె నీళ్ళు పట్టినా సారూ."

ఏడో డిస్కు లోపలికి వెళ్ళింది. గిరగిర తిరిగింది. తెరమీద పని పూర్తయిందన్న వరుస వెలిగింది.

రఘుపతి చేతులు జోడించాడు. దేవుడికో, ఎదురుగా ఉన్న మనిషికో అతనికే తెలియలేదు.

బయట హారన్ మోగింది. లింబాద్రి సంచి భుజానికెత్తుకున్నాడు. "పేర్లు జర పైలంగ కొట్టున్రి సారూ. మావోళ్ళు పిల్లలుగల్లోళ్ళు," అని వెళ్ళిపోయాడు.

హడావిడిలో రఘుపతికి పేర్లు అక్షరాలుగానే కనబడ్డాయి. పన్నెండున్నరకు ముప్పై ఫారాలూ చేతికొచ్చాయి.

అప్పుడు మనసు నిమ్మళించింది. అందరికంటే ముందు లింబాద్రి ఫారం తీసి కళ్ళకద్దుకోవాలనిపించింది. వెతికాడు. లేదు.

సాఫ్ట్‌వేర్ పేరు మింగేసిందేమోనని భయపడ్డాడు. మేనేజర్ చేతిరాత జాబితా తీసి, వేలు పెట్టి లెక్కపెట్టాడు. ముప్పై. అందులోనూ లేదు.

ఫారాలు తీసుకెళ్ళడానికి డ్రైవర్ ఖాదర్‌వలి వచ్చాడు.

"ఇందాక నీ బండెక్కిన లింబాద్రిని సహం బస్సెక్కించావా, సీబ్‌లో దింపావా?"

"ఆయప్పను ఎయిర్‌పోర్టులో దింపి వస్తాండా సార్. ఆయనకు మొన్ననే వీసా క్యాన్సల్ కొట్టినారు గదా, పొద్దున వచ్చింది పాస్‌పోర్టు తీసుకోడానికే."